కడుపు మళ్ళీ కొయ్యకుండానే చీము తీసినారు – నా అనుభవం

అపెండిక్స్ ఆపరేషన్ అయిన ఏడో రోజు సాయంత్రం ఐదున్నరకి నాకు చలి పుట్టింది. సంక్రాంతి పోయి పది రోజులు కూడా కాలేదు, తిరుపతిలో ఆ టైముకి కొండ గాలి తగులుతాది కదా, దాని వల్లనే అనుకుని దుప్పటి కప్పుకున్నా. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకుంటానే ఉన్నాయి, అర్ధగంటకి ఒళ్ళు కాలిపోయింది, థర్మామీటర్ పెడితే 102 దాటింది. డోలో వేసుకున్నా, చెమటలు పట్టి దిగిపోయింది. పొద్దునకి బాగానే ఉన్నా. మరుసటి రోజు సాయంత్రం అదే టైముకి మళ్ళీ అదే చలి.

ఆ రెండు రోజులు మేము ఊరకనే పోగొట్టుకున్నాం. అందుకే ఇదంతా రాస్తున్నా. కడుపు ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకున్న వాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఆ సాయంత్రం జ్వరాన్ని మాలాగా తేలిగ్గా తీసుకోకూడదని.

మొదట్నించీ చెప్తా. నాకు కొర్లగుంటలో టైలరింగ్ షాపు ఉంది. సంక్రాంతి ముందు జాకెట్లు కుట్టేదానికి రాత్రి పన్నెండు ఒంటిగంట దాకా మిషన్ మీదే కూర్చుంటా. అప్పుడే బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది, ఒక పూట గడిచేటప్పటికి కుడిపక్క కిందికి దిగింది. గ్యాస్ అనుకున్నా. దగ్గర్లో సూది వేసే ఆయన కూడా గ్యాస్ అనే చెప్పి ఒక ఇంజక్షన్ వేసినాడు. భోగి రోజు, పండగ రోజు ఒక చేత్తో కడుపు పట్టుకునే ముగ్గులేసి పిండివంటలు చేసినా. కనుమ రాత్రి నొప్పి ఒక్కసారిగా తగ్గింది. హమ్మయ్య అనుకున్నా, కానీ అపెండిక్స్, అంటే పెద్దపేగుకి తోకలాగా ఉండే చిన్న తిత్తి, పగిలినప్పుడు కొందరికి అట్లా కాసేపు తగ్గినట్టు ఉంటాదంట, తెల్లారేటప్పటికి కడుపంతా చెక్కలాగా బిగుసుకుపోయింది. ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఆ రోజే మూడు చిన్న బెజ్జాలు పెట్టి ల్యాప్రోస్కోపీతో తీసేసినారు. లోపల అప్పటికే పగిలి చీము పాకిపోయి ఉంటే కడిగినామని మా ఆయనకి చెప్పినారంట. నాలుగో రోజు డిశ్చార్జ్.

జ్వరం వచ్చినాక అదే ఆసుపత్రికి మా ఆయన ఫోన్ చేసినాడు. ఎత్తిన వాళ్ళు ఇప్పుడు అందరికీ వైరల్ జ్వరాలే కదా, డోలో వేసి నీళ్ళు బాగా తాగించండి అన్నారు. ఆ ఆసుపత్రి పేరు రాయను, ఆపరేషన్ వాళ్ళు బాగానే చేసినారు, కానీ పగిలిన అపెండిక్స్ అని తెలిసీ ఫోన్‌లో ఆ మాట చెప్పినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. డిశ్చార్జ్ కాగితంలో పది మందుల పేర్లు ఉన్నాయి కానీ జ్వరమొస్తే వెంటనే రండి అనే ఒక్క లైను లేదు.

జ్వరం ఒక్కటే కాదు, ఇంకో తేడా కూడా ఉండింది, నేనే గమనించుకోలేదు. మాటిమాటికీ దొడ్డికి పోవాలనిపించేది, పోతే జిగురుజిగురుగా రవ్వంత వచ్చేది, మళ్ళీ పోవాలనిపించేది. ఒంటికి కూడా పది నిమిషాలకొకసారి. కడుపు ఉబ్బరం, అన్నం చూస్తేనే వికారం. మా అత్తమ్మ విరేచనాలు అనుకుని ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చింది. తర్వాత డాక్టర్ చెప్పినాడు, పొత్తికడుపు అడుగున చీము చేరితే అది పేగు చివరనీ మూత్రం తిత్తినీ ఒత్తుతా ఉంటాది, అందుకే అట్లా అనిపిస్తాదని.

మా అక్క కూతురు ఇక్కడే బీఫార్మసీ చదువుతా ఉంది. తొమ్మిదో రోజు నన్ను చూసేదానికి వచ్చి, ఒళ్ళు పట్టుకుని చూసి, "చిన్నమ్మా, అపెండిక్స్ పగిలిన వాళ్ళకి వారం పది రోజుల్లో లోపల చీముగడ్డ కట్టొచ్చు, సాయంత్రం సాయంత్రం చలిజ్వరం అంటే అదే అయ్యుండొచ్చు, ఇప్పుడే పోదాం లే" అనింది. ఆటో పిలిచి అలిపిరి రోడ్డు వైపు ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. మా ఆయన షాపు మూసి వెనకనే వచ్చినాడు.

రక్తం తీసినారు, తెల్లకణాలు 19 వేలు దాటి ఉన్నాయి, మామూలుగా 11 వేల లోపు ఉండాలంట. అల్ట్రాసౌండ్ చేస్తే పేగుల్లో గాలి ఎక్కువుండి సరిగా కనపడలేదు, కాంట్రాస్ట్ సీటీ, అంటే నరానికి ఒక మందు ఎక్కించి తీసే స్కాన్, చెయ్యాలన్నారు. దానికి ముందు కిడ్నీ బాగుందా లేదా అని క్రియాటినిన్ చూసినారు. చేతి నరం లోకి ఆ మందు ఎక్కగానే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వెచ్చగా పాకి, తడిపేసుకున్నామేమో అనిపిస్తాది, ముందే చెప్పినారు కాబట్టి భయపడలేదు. రిపోర్టు గంటలో వచ్చింది: కుడిపక్క పొత్తికడుపులో 7 సెంటీమీటర్లు, 6, 5 కొలతల్లో చీముగడ్డ, లోపల గాలి బుడగలు, చుట్టూ గోడ కట్టుకుని ఉంది. నేను కొలతల మనిషిని, 7 సెంటీమీటర్లు అంటే ఇంచుమించు రెండుముప్పావు ఇంచులు, చేత్తో పట్టి చూసుకున్నా, బత్తాయి కాయంత.

ఇంక మళ్ళీ కడుపు కోస్తారని నేనూ మా ఆయనా ఖాయం చేసుకున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. సర్జన్ వచ్చి మంచం మీద కూర్చుని నిదానంగా చెప్పినాడు. ఒకప్పుడైతే మళ్ళీ తెరిచేవాళ్ళమమ్మా, ఇప్పుడు మొదట ఆ పని చెయ్యం, పది రోజుల కింద ఆపరేషన్ అయిన కడుపులో పేగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, వాటిని విడదీసేటప్పుడు చిరిగితే ఇంకో కష్టం. చీము ఒకేచోట సంచిలాగా గోడ కట్టుకుని ఉంటే, బయట నుంచి దానికి పోయే దారిలో పేగు అడ్డం లేకపోతే, సూదితో పోయి ట్యూబ్ పెట్టేస్తే సరిపోతాది. 3 సెంటీమీటర్ల లోపు చిన్నదైతే ఒక్కోసారి మందులతోనే కరిగిపోతాది, నీది పెద్దది, మందు ఒక్కటే లోపలికి చొరబడదు, చీము బయటికి రావాల్సిందే. చాలామందికి దీంతోనే నయమైపోతాది అన్నాడు. కాకపోతే చీము అక్కడక్కడా పేగుల మధ్య చిన్న చిన్న గుంటలుగా ఉన్నా, పేగుకి పెద్ద బెజ్జం పడి కారుతా ఉన్నా, మనిషి కూలబడిపోతా ఉన్నా అప్పుడు కొయ్యక తప్పదని కూడా దాచకుండా చెప్పినాడు. ఆ మాట చెప్పినందుకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

ఈ పని చేసేది సర్జన్ కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ అని ఒక డాక్టర్ ఉంటారంట, నేను ఆ పేరు వినడమే మొదటిసారి. ఒక మేడం. రక్తం గడ్డకట్టే టైము, ప్లేట్‌లెట్లు చూసి, ఆరు గంటలు ఏమీ తినొద్దు అని మరుసటి రోజు పొద్దున్నే పెట్టుకున్నారు.

గది చల్లగా ఉండింది. మెలకువగానే ఉన్నా, రవ్వంత మత్తు కలిగే ఇంజక్షన్ మాత్రం నరానికి ఇచ్చినారు. మేడం ఈసారి అల్ట్రాసౌండ్ గొట్టాన్ని గట్టిగా అదిమి, పేగుల్ని పక్కకి నెట్టి వెతికితే గడ్డ కనపడింది. కుడి తుంటి ఎముక పైన, బొడ్డుకి ఏటవాలుగా ఒకచోట పెన్నుతో గుర్తు పెట్టింది. చర్మానికి తిమ్మిరి మందు వేసినప్పుడు చీమ కుట్టినట్టు కాదు, తేలు కుట్టినట్టే మండింది, పది సెకన్లు. తర్వాత అక్కడ ముట్టుకుంటే ఒత్తిడి తెలుస్తాది కానీ నొప్పి లేదు. తల పక్కకి తిప్పితే స్క్రీన్ మీద నల్లటి గుంతలోకి తెల్లటి గీతలాగా సూది పోవడం నాకే కనపడింది.

ఆ తర్వాత జరిగింది నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే లంగాకి బొందు ఎక్కించడం నేను రోజూ చేసే పనే. సూది లోపల నుంచి సన్నటి మెత్తటి తీగ పంపించింది. తీగ లోపల ఉంచి సూది బయటికి లాగేసింది. ఆ తీగ మీదుగా ఒకదాని తర్వాత ఒకటి లావుపాటి గొట్టాలు తోసి దారి వెడల్పు చేసింది, అప్పుడు మాత్రం కడుపులో ఎవరో బొటనవేలు పెట్టి తిప్పినట్టు గట్టిగా ఒత్తిడి, నేను "అమ్మా" అన్నా, మేడం "అయిపోయింది తల్లీ, ఊపిరి మామూలుగా తీసుకో" అనింది. చివరికి అదే తీగ మీద అసలు ట్యూబ్ ఎక్కించి తీగ తీసేసింది. ఈ పద్ధతి 1953లో సెల్డింగర్ అనే స్వీడన్ డాక్టర్ రక్తనాళాల్లోకి ట్యూబ్ పంపేదానికి రాసిపెట్టినాడంట, మా అక్క కూతురు తర్వాత చెప్పింది. ట్యూబ్ కొన లోపలికి పోయినాక పందితోకలాగా చుట్టుకుంటాది, అందుకే దాన్ని పిగ్‌టెయిల్ అంటారు, లోపల ఒక సన్న దారం ఉంటాది, దాన్ని లాగి బిగిస్తే చుట్ట విడిపోకుండా, ట్యూబ్ జారి బయటికి రాకుండా ఉంటాది. నాది 12 ఫ్రెంచ్ సైజు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటర్ లెక్క, అంటే 4 మిల్లీమీటర్ల లావు, అంతే. బయట చర్మానికి ఒక కుట్టు వేసి బిగించింది. ఆ కుట్టు ముడి నేను చూసినా, రెండు చుట్లు వేసి చక్కగా వేసింది.

పెద్ద సిరంజి పెట్టి లాగితే మజ్జిగలో పసుపు, కాస్త ఎర్రమన్ను కలిపినట్టున్న చీము. వాసన చెప్పలేను. గదిలో అందరూ మాస్కులు సర్దుకున్నారు. నాకు సిగ్గేసింది, మేడం అది గమనించినట్టుంది, "ఈ కంపు నీ లోపల ఉండేదానికన్నా ఇక్కడుంటేనే మంచిది" అనింది. 110 ఎంఎల్ లాగినారు. కొంచెం కల్చర్‌కి, అంటే ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తాదో చూసే పరీక్షకి పంపించి, ట్యూబ్‌కి బ్యాగు తగిలించినారు. మొత్తం అర్ధగంట కూడా పట్టలేదు.

వార్డుకి వచ్చిన గంటకి మళ్ళీ చలి, ఈసారి మంచం కదిలేంత వణుకు. అంతా అయిపోయింది అనుకుంటే ఇదేంది అని మా ఆయన ఒకటే కంగారు. చీము కదిలించినప్పుడు కొన్ని క్రిములు రక్తంలోకి పోతాయి, అట్లా ఒకసారి వణుకు రావొచ్చు అని నర్సమ్మ చెప్పి బీపీ, పల్స్ చూస్తానే కూర్చుంది. ఇది ముందే చెప్పి ఉంటే అంత భయపడే వాళ్ళం కాదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కిటికీలో నుంచి కొండ మీద గాలిగోపురం దగ్గర లైట్లతో నామం కనపడతా ఉంటే దాన్నే చూస్తా పడుకున్నా. మరుసటి సాయంత్రం ఐదున్నర అయింది, ఆరైంది, ఏడైంది, నేను దుప్పటి పక్కన పెట్టుకుని కాచుకుని ఉన్నా, చలి రాలేదు. 99 దగ్గర ఆగింది. మాటిమాటికీ దొడ్డికి పోవాలనే బాధ అంతకు ముందే పోయింది.

మూడో రోజు కల్చర్ రిపోర్టు వచ్చింది. ఈ కోలి అనే క్రిమి, అది మామూలుగా మన పేగుల్లో ఉండేదే. మొదటి ఆసుపత్రిలో నాకు ఇచ్చిన సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ దానికి పనిచెయ్యదు అని అందులో ఉంది. అంటే అన్ని రోజులు నాకు ఎక్కించిన సూదులకి ఆ క్రిమి లొంగనే లేదు. మందు మార్చినారు. ఎర్టాపెనెమ్ అని రోజుకి ఒక్కసారి నరానికి ఇచ్చేది. అందుకని ఐదో రోజు ట్యూబ్‌తోనే ఇంటికి పంపించినారు, సూది మాత్రం రోజూ పోయి వేయించుకుని వచ్చేదాన్ని. చీము తీసినాక ఇంకో వారం చాలు అంటే మా ఆయనకి అనుమానం, ఇంత పెద్ద జబ్బుకి ఇంతేనా అని. 2015లో అమెరికా, కెనడా డాక్టర్లు 518 మంది మీద చేసిన పరిశీలనలో, చీము సరిగ్గా బయటికి తీసేసిన వాళ్ళకి నాలుగు రోజుల మందైనా ఎనిమిది రోజుల మందైనా ఫలితం ఒకటే వచ్చిందని మా అక్క కూతురు చెప్పినాకే ఊరుకున్నాడు. అసలు మందు ఆ ట్యూబే అనింది.

ఇంట్లో పెద్ద గొడవ తిండి దగ్గర. మా అత్తమ్మ మనసు వెన్న, నా కోసం పది రోజులు నిద్ర లేకుండా చేసింది, కానీ "పప్పు తింటే చీము పడతాది మే, వంకాయొద్దు, గుడ్డొద్దు, పెరుగొద్దు" అని పాలు బ్రెడ్డు, కారం లేని చారు మీదే పెట్టింది. మొదటి ఆపరేషన్ అయినప్పటి నుంచీ అదే తిండి. చీము ఎట్లా పడింది మరి? నాకు రక్తంలో ఉండే అల్బుమిన్ అనే మాంసకృత్తి తగ్గిపోయి కాళ్ళు నీరు దిగినాయి. మేడం అత్తమ్మనే లోపలికి పిలిచి చెప్పింది, "అమ్మా, చీము పప్పు వల్ల పట్టలేదు, పగిలిన పేగు నుంచి క్రిములు పోయినందుకు పట్టింది, ఇప్పుడు ఆ గుంత పూడాలంటే మాంసకృత్తులు కావాలి, రోజుకి రెండు గుడ్లు, పప్పు, పెరుగు పెట్టండి." ఆ రోజు సాయంత్రమే అత్తమ్మ పప్పు, మెత్తగా రాగిసంగటి చేసి పెట్టింది. మన ఇళ్ళల్లో ఈ పత్యం పేరుతో ఆపరేషన్ మనుషుల్ని ఎంత నీరసం చేస్తున్నామో అనిపించింది నాకు.

ట్యూబ్ చూసుకోవడం నేర్పించి పంపించినారు. రోజుకి రెండుసార్లు చేతులు సబ్బుతో కడుక్కుని, ట్యూబ్‌కి ఉండే మూడుదార్ల కుళాయి మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, 10 ఎంఎల్ సెలైన్ మెల్లగా లోపలికి పంపాలి, తిరిగి బ్యాగులోకి వదలాలి. లేకపోతే చిక్కటి చీము లోపల పేరుకుని మూసుకుపోతాది. బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి. ఎంత వచ్చిందో రోజూ రాయాలి, అందులో మనం పంపిన సెలైన్ తీసేసి రాయాలి, ఇది చాలామంది మర్చిపోతారంట, అప్పుడు లెక్క తప్పుతాది. నేను జాకెట్ కొలతలు రాసుకునే పుస్తకంలోనే రాసినా. ఒక పేజీలో ఎవరిదో ఛాతీ 36, భుజం 14, చెయ్యి పొడవు 9, దాని ఎదురు పేజీలో నా చీము 60, 45, 30, 30, 20. రంగు కూడా రాసినా, పసుపు, లేత పసుపు, నీళ్ళలాగా.

ట్యూబ్ పెట్టిన తొమ్మిదో రోజు ఏమీ రాలేదు. సున్నా. తగ్గిపోయింది అని ఇంట్లో అందరూ సంతోషపడినారు. నాకు మాత్రం అనుమానం, నిన్న 20 ఉండేది ఇవాళ సున్నా ఎట్లా అవుతాది, పైగా ట్యూబ్ చుట్టూ గాజుగుడ్డ తడిసింది, కడుపులో పట్టినట్టు ఉంది. సెలైన్ పంపితే పోవడం లేదు. బలవంతంగా తోయొద్దు అని ముందే చెప్పినారు కాబట్టి ఆపేసి ఆసుపత్రికి పోయినాం. మేడం పట్టీ విప్పి చూస్తే, నేను లంగా బొందు కట్టుకునే చోటనే ట్యూబ్ మడత పడి నొక్కుకుపోయి ఉంది. మడత సరిచేసి చిన్న సిరంజితో మెల్లగా కదిలిస్తే దారం లాంటి తెల్లటి ముక్క ఒకటి వచ్చి, వెనకాలే 35 ఎంఎల్ చీము. ఒక పూట ఆలస్యమై ఉంటే మళ్ళీ జ్వరం మొదలయ్యేది అనింది. అప్పటి నుంచి ట్యూబ్ ఉన్నన్ని రోజులు నైటీలే, నడుముకి ఏదీ కట్టలేదు. నేనే ఒక మెత్తటి గుడ్డ సంచి కుట్టుకుని బ్యాగు అందులో పెట్టి తొడ పక్కన వేలాడేసుకున్నా. నడిచేటప్పుడు ట్యూబ్ లాగకుండా ఉండింది. వార్డులో నా పక్క బెడ్ ఆమెకి వెనక పిరుదు నుంచి ట్యూబ్ పెట్టినారు, గడ్డ మరీ లోతుగా ఉండి ముందర నుంచి దారి లేక. బోర్లా పడుకోబెట్టి చేసినారంట, పాపం ఆమెకి కూర్చోవడమే కష్టంగా ఉండేది. ఆమెకి కూడా ఒక సంచి కుట్టి పంపించినా.

ఆ తర్వాత 15, 12, 8, 6, 5. వరుసగా రెండు రోజులు 10 కన్నా తక్కువ ఉండి, జ్వరం లేకుండా, తిండి బాగా తింటా ఉంటే తీసేస్తామని చెప్పినారు. పదిహేనో రోజు మళ్ళీ స్కాన్ చేస్తే గుంత పూడిపోయి సన్నగా ఒక గీత మాత్రమే ఉంది. తీసేటప్పుడు కూడా నొప్పి ఉంటాదని చేతులు బిగించి పడుకున్నా. మేడం బయట కుట్టు కత్తిరించి, లోపలి దారం వదులు చేసి, "దగ్గు" అనింది, దగ్గినా, పురుగు జారినట్టు సర్రుమని వచ్చేసింది. ఆ కొనని నేను అడిగి చూసినా. నా చిటికెన వేలు చుట్టూ తిప్పినంత చుట్ట, పక్కల సన్న బెజ్జాలు, అంతే. బెజ్జం మీద గాజుగుడ్డ పెట్టి ప్లాస్టర్ వేసినారు, రెండు రోజులు కొంచెం తడి వచ్చింది, మూడో రోజు పక్కు కట్టింది.

నెల తర్వాత స్కాన్ మామూలుగా వచ్చింది. మిషన్ తొక్కితే మాత్రం కుడిపక్క చాన్నాళ్ళు లాగినట్టు ఉండేది, అందుకని మా ఆయన మిషన్‌కి మోటార్ పెట్టించినాడు. గంగమ్మ జాతరకి వచ్చిన ఆర్డర్లన్నీ దాని మీదే కుట్టినా.